బడి తెరిచిన రోజు చెంబుడు నీళ్ళు

మా ఊళ్ళో వేసవి సెలవులు అయిపోవచ్చాయని ముందుగా చెప్పేది క్యాలెండరు కాదు, కాలువ. ఏప్రిల్లో కాలువ కట్టేస్తారు. అడుగున ఒండ్రు ఎండి, పెంకుల్లా పగిలి, పిల్లలకు క్రికెట్టు మైదానం అవుతుంది. జూన్ మొదట్లో ఒక పొద్దున పైనెక్కడో లాకుల తలుపులు ఎత్తుతారు. ముందు నురగ వస్తుంది. దాని వెనక ఎండిన కొబ్బరి మట్టలు, తెగిన చెప్పులు, రెండు నెలల్లో పోయిన బంతులు వరసగా వస్తాయి. ఆ తరవాత బురదనీళ్ళు. ఆ నీళ్ళు మా వంతెన దాటిన రోజున పిల్లలు గట్టు మీద నిలబడి తమ మైదానం మునిగిపోవడం చూస్తారు. తల్లులు అరుగుల మీద నిలబడి పిల్లల్ని చూస్తారు. ఎవరి దుఃఖం వాళ్ళది, ఎవరి ఆనందం వాళ్ళది.

మా వీధిలో నాకు గిరాకీ పెరిగేది సరిగ్గా అప్పుడే.

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. ఎవరైనా అడిగితే ఆ సంగతి చెబుతాను. అడక్కపోతే ఇంకో సంగతి చెబుతాను: మలికిపురం గ్రంథాలయంలో పిల్లల మనస్తత్వం మీద ఏడు పుస్తకాలున్నాయి, ఏడూ చదివాను. మా ఆయన కువైట్ వెళ్ళిన మొదటి ఏడాది బ్యాంకు పని మీద మలికిపురం వెళ్ళాను. వాళ్ళు భోజనానికి లేచారు. బయట మే నెల ఎండ. దగ్గర్లో గ్రంథాలయం, అందులో ఫ్యాను. ఫ్యాను కోసం వెళ్ళినదాన్ని పుస్తకంతో బయటికొచ్చాను. అప్పటినుంచీ కూరగాయలకు వెళ్ళినా, కొబ్బరినూనె ఆడించడానికి వెళ్ళినా సంచీలో ఒక పుస్తకం వెళ్తుంది, ఒకటి వస్తుంది. గ్రంథాలయంలో పెద్దాయన నా కార్డు చూడకుండానే, "ఈసారి తోటపనా అమ్మా, మనసా?" అని అడుగుతారు. మనసే అంటాను. తోట మా అత్తగారి శాఖ.

ఎదురింటి వదినగారికి ఒక్కతే కూతురు. ఒకటో తరగతిలో చేరిన ఏడాది మొదటి వారమంతా వ్యాను చూస్తే చాలు, వసారా స్తంభాన్ని కావలించుకుని వీధి అదిరిపోయేలా ఏడ్చింది. రెండో తరగతికి ముందే ఆవిడ జాగ్రత్తపడి, కాలువకు నీళ్ళొచ్చిన సాయంత్రమే నా దగ్గరికొచ్చారు.

"వదినగారూ, ఈయేడు కూడా స్తంభం తప్పదేమోనండి. మీ పుస్తకాల్లో ఏవైనా రాసేరేంటండీ?"

"రాసేరండి. పిల్ల ఏడుస్తుంటే దొంగచాటుగా లోపలికి జారుకోకూడదు. ఎదురుగా నిలబడి, వెళ్ళొస్తాను అని చెప్పించి, చెప్పి, అక్కడితో ఆపెయ్యాలి. సాగదీయకూడదు."

"మా అత్తగారు నువ్వుల జీడి చేతిలో పెట్టి ఎక్కించెయ్యమంటారండి."

"అది లంచవండీ."

"లంచవైతే ఏటండీ, వ్యాను ఎక్కుద్ది కదా!"

పుస్తకం చదవనివాళ్ళతో వచ్చే చిక్కు ఇదే. వాళ్ళకు వెంటనే పని జరగాలి.

ఆ ఏడాది మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. కువైట్లో ఏసీల మెకానిక్కు. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు, అదీ వేసవిలో పడేలా చూసుకుంటారు, మా అమ్మాయి ఇంట్లో ఉంటుందని. దాంతో ఆయన తిరుగు ప్రయాణమూ, బడి తెరవడమూ ఎప్పుడూ ఒకదానికొకటి అటూ ఇటూగా వస్తాయి. ఈసారి సిద్ధాంతిగారు తిథి, తారాబలం అన్నీ చూసి ఇచ్చిన రోజు సరిగ్గా బడి తెరిచే రోజే అయింది. పొద్దున ఏడూ యాభైకి బయల్దేరాలి. మధ్యాహ్నం రాజమండ్రిలో విమానం.

"మంచిదేగా," అన్నారు అత్తగారు. "రెండేడుపులూ ఒక్కపూటతో తీరిపోతాయి. ఇవాళొకటీ రేపొకటీ అయితే ఇంటిల్లిపాదీ రెండుసార్లు అన్నం మానాలి."

"కారు ఎటూ వస్తుంది. అమ్మడిని బడి దగ్గర దింపేసి అటే పోవచ్చు," అన్నారు మా ఆయన.

నిజానికి నా ఏడు పుస్తకాల్లో కనీసం మూడు, పిల్లల మీద రెండు మార్పులు ఒకేసారి వేయవద్దని మొత్తుకుంటాయి. ఆ పేజీ ఎక్కడుందో కూడా నాకు తెలుసు. కానీ కారు ఎటూ వస్తుంది కదా అన్న మాటకు జవాబు ఏ పేజీలోనూ లేదు. నేనూ సరే అన్నాను.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మావైపు ఎవరైనా దూరప్రయాణం బయల్దేరితే, మంచి శకునం కోసం ఇంట్లో ఒకరు ముందే వీధిలోకి వెళ్ళి, నిండు చెంబుతో ఎదురొస్తారు. మా అమ్మాయికి రెండేళ్ళప్పుడు, వాళ్ళ నాన్న గుమ్మం దిగే సమయానికి ఎవరూ చెప్పకుండానే తప్పటడుగులతో గేటు వైపు నుంచి ఎదురొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ గ్లాసు, అందులో ఏమున్నాయో దేవుడికి తెలియాలి. ఆ ఏడాదే ఆయనకు ఎండలో పని పోయి మంచి కంపెనీలో పని దొరికింది. ఇంకేముంది, పిల్ల ఎదురు కలిసొచ్చిందన్నారు. నాలుగేళ్ళప్పుడు, ఆరేళ్ళప్పుడు పట్టులంగా కట్టి, ఇత్తడి చెంబు ఇచ్చి, గేటు దగ్గరినుంచి నడిపించారు. ఇప్పుడు ఎనిమిది. నాలుగో తరగతి. ఈసారి పట్టులంగాకు బదులు యూనిఫారం అని అత్తగారు ముందే రాజీపడ్డారు.

నాకు శకునాల మీద నమ్మకం లేదు. నమ్మకం లేదని చెప్పడానికి ధైర్యం కావాలి, నమ్మకుండానే సర్దుకుపోవడానికి ఓపిక చాలు. నాకు ఓపిక ఎక్కువ.

బడి ఇంకా పదిహేను రోజులుందనగా నేను పని మొదలుపెట్టాను. అమ్మాయిని రోజుకు పది నిమిషాలు ముందు లేపడం మొదటి మెట్టు. రెండోది, ఒక అట్ట మీద పదిహేను గళ్ళు గీసి గోడకు తగిలించాను. రోజుకో గడికి రంగు వెయ్యాలి. ఆఖరి గడిలో బడి బొమ్మ వేశాను, జెండాతో సహా. రాబోయేదాన్ని కళ్ళతో చూస్తే పిల్లలకు బెరుకు పోతుందని పుస్తకం.

నాలుగు రోజులు చక్కగా రంగులు వేసింది. అయిదో రోజు వెయ్యలేదు. ఆరో రోజూ లేదు.

"ఏమ్మా, గడి ఖాళీగా ఉందేం?"

"మర్చిపోయేను."

ఆ రెండూ నేనే వేశాను. మర్నాడు చూస్తే రంగు వేసిన ఆరు గళ్ళలో మూడింటి మీద తెల్లకాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. కొత్త పుస్తకాలకు అట్టలు వెయ్యమని తెచ్చిన జిగురుతో, చాలా శ్రద్ధగా, అంచులు కలిపి. మూడు రోజులు వెనక్కి వెళ్ళిపోయాం.

నాకు లోపల్లోపల సంతోషమే కలిగింది. ఇంత స్పష్టమైన లక్షణం పుస్తకంలో కూడా చూడలేదు. బడి బెంగ. ఆ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకం చెప్పిన గొంతుతోనే అడిగాను.

"నీ మనసులో ఇప్పుడేముందో అమ్మకి చెప్పు."

కాసేపు ఆలోచించింది. "పనసకాయ."

"పనసకాయేంటి?"

"నాయనమ్మ ఇందాక కోసింది. నాకు తొనలు పెట్టలేదు."

మనసులో ఉన్నది దాచిపెట్టడం కూడా ఒక లక్షణమే అని నేను సమాధానపడ్డాను.

మూడో మెట్టు, ముందుగా ఒకసారి బడి దాకా వెళ్ళి రావడం. వాళ్ళ నాన్న బండి మీద తీసుకెళ్ళారు. గంటన్నరకు తిరిగొచ్చారు. అమ్మాయి పెదాలు పుల్లైసుతో ఎర్రగా ఉన్నాయి, ముఖంలో బెంగ అన్నది మచ్చుకైనా లేదు.

"దీనికి బడి భయం ఏటే?" అన్నారు ఆయన చెప్పులు విడుస్తూ. "వాచ్‌మెన్‌ని కూర్చోబెట్టి నాలుగో క్లాసుకి ఏ టీచరొస్తారో, కిటికీ పక్క బెంచీ ఎవరికిస్తారో ఆరా తీసింది. నేనే ఇంక పదమ్మా అని బతిమాలి తీసుకొచ్చేను."

"అది తెచ్చిపెట్టుకున్న ధైర్యవండి. పుస్తకంలో ఉంది."

"నీ పుస్తకంలో లేనిదేటో చెప్పు. అదైతే తొందరగా అయిపోద్ది."

నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు. ఎందుకంటే ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, వంటింట్లో కూర్చుని నోటుపుస్తకాలకు పేరు చీటీలు అంటిస్తూ ఒక సంభాషణ మొత్తం విన్నాను. వసారాలో అత్తగారు కొబ్బరి ఈనెలు చీరుతున్నారు. మనవరాలు పక్కనే ఉంది.

"నాయనమ్మా, ఎవరూ ఎదురు రాకపోతే ఏవవుద్ది?"

"ఏవవుద్దే, ప్రయాణం ఆగుద్ది."

"మరి ఖాళీ చెంబుతో ఎదురొస్తే?"

"హవ్వ! ఆ మాటే అనకూడదు. వెనక్కొచ్చి కూలబడాల్సిందే."

"ఎన్నాళ్ళు?"

"నీ ప్రశ్నలు తగలెయ్య, లేచి ఆ చీపురుకి తాడు పట్రా."

విన్నాను. వినికిడిలో లోపం లేదు. కానీ నేను వెతుకుతున్నది బడి బెంగ. అందులో బడి అన్న మాటే లేదు కాబట్టి, చీటీలు అంటించుకుంటూ కూర్చున్నాను. ఏడు పుస్తకాలు చదివిన మనిషికి ఎనిమిదో చోట ఉన్నది కనబడదు.

బడి తెరిచే రోజు వచ్చింది. నేను భయపడిందేదీ జరగలేదు. పిలవగానే లేచింది. స్నానం చేసింది. రెండు జడలు వేయించుకుని, రిబ్బన్లు తనే సరిచూసుకుంది. ఇడ్లీలు మూడూ తింది. నేను గోడమీది అట్ట వైపు గర్వంగా చూశాను. దారిలో దిగాల్సిన మనిషి కాబట్టి బ్యాగు, నీళ్ళ సీసా కారులో పెట్టించాను. ఎదురింటి గేటు దగ్గర వదినగారు జీడి పొట్లం కొంగు చాటున పట్టుకుని వ్యాను కోసం చూస్తున్నారు. చాటుగా పట్టుకున్నది నా కోసం.

ఏడూ నలభై అయిదుకు అత్తగారు ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పోసి, పువ్వు వేసి, మనవరాలి చేతికిచ్చారు.

"దొడ్డిదారిన వీధిలోకెళ్ళి, నేను రామ్మా అనగానే గేటులోంచి రావాలి. తొణక్కుండా. ఎప్పుడూ వచ్చేదేగా."

"ఆయ్," అంది అమ్మాయి బుద్ధిగా. వెళ్ళింది.

మా ఆయన ఇస్త్రీ బట్టలతో, కొత్త బూట్లతో గుమ్మంలో నిలబడ్డారు. కుడికాలు ముందుకు పెట్టడానికి సిద్ధం. మావయ్యగారు కారు దగ్గర డ్రైవరుతో మాట్లాడుతున్నారు. అత్తగారు గొంతు సవరించుకున్నారు.

"రామ్మా!"

గేటులో ఎవరూ లేరు.

"రామ్మా తల్లీ! వినపడిందా?"

వీధిలో కుక్క ఒకటి లేచి, తననేమో అనుకుని రెండడుగులు వేసి ఆగింది. మావయ్యగారు దాన్ని అదిలించారు. మా ఆయన కుడికాలు గాలిలో ఉండి ఉండి కిందికి దిగింది. ఏడూ యాభై అయింది. యాభై అయిదు అయింది.

"ఎనిమిదీ నలభైకి వర్జ్యం వచ్చేస్తుందిరా," అన్నారు అత్తగారు. "పోనీ నువ్వెదురు రావే," అన్నారు నావైపు తిరిగి.

మా ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, బూట్లతోనే దొడ్లోకి నడిచారు. నేను వెనకాల వెళ్ళాను.

రెండు రోజుల కిందటే కొబ్బరి దింపు తీయించాం. కాయలు దొడ్లో నడుమెత్తున రాశి పోసి ఉన్నాయి. రాశి వెనక, తెల్లచొక్కా యూనిఫారం మీద పీచు అంటించుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. చెంబు పక్కన బోర్లించి ఉంది. నీళ్ళన్నీ కనకాంబరం మొక్క మొదట్లో.

ఆయన ఇస్త్రీ ప్యాంటు సంగతి మరిచిపోయి మట్టిలో గొంతుక్కూర్చున్నారు.

"ఏమ్మా? అందరం పిలుత్తుంటే..."

"నేను రాను నాన్నగారూ."

"ఎందుకురా?"

"అప్పుడొచ్చేను, మీరు వెళ్ళిపోయేరు. అంతకుముందు కూడా వచ్చేనంట, అప్పుడూ వెళ్ళిపోయేరు. నేనొస్తేనే కదా మీరు వెళ్ళేది. ఇంక రాను."

గట్టిగా అనలేదు, ఏడవనూ లేదు. లెక్కల మాస్టారు తేల్చిన జవాబులా చెప్పింది. ఖాళీ చెంబును చూపించి, "కావాలంటే దాంతో వస్తాను," అని కూడా అంది.

నేను వాళ్ళకు రెండడుగుల దూరంలో నిలబడ్డాను. రెండేళ్ళుగా ఆ పిల్ల లోపల ఏముందో అప్పుడు తెలిసింది. నాన్నను పంపించేది తనే అనుకుంటోంది. మేమే పట్టులంగా కట్టి, పువ్వు పెట్టి, పంపించే పని నేర్పించాం. అలా పంపించినందుకు ముద్దులు కూడా పెట్టుకున్నాం. వీధిలో అందరికీ పిల్లల మనసు విప్పి చెప్పే నేను, ఆ పిల్ల మనసు మీద, వాళ్ళ నాన్న వెళ్ళే రోజు దాకా పదిహేను గళ్ళు గీసి రంగులు వేయించాను.

బయట వ్యాను హారన్ మోగింది. వెంటనే ఎదురింటి పిల్ల ఏడుపు, స్తంభం, వాళ్ళ అమ్మ బతిమాలడం, అన్నీ వరసగా వినిపించాయి.

మా ఆయన చెంబు చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పి చూశారు.

"సరే. నువ్వు రావద్దు," అన్నారు. "ఈసారి ముందెళ్ళేది నువ్వు. బడి తెరిచేరు కదా. నేను నీకెదురొస్తాను."

"మీరా?"

"ఏం, నేను శకునానికి పనికిరానా?"

అమ్మాయి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. పనికొస్తారో లేదో నిజంగానే ఆలోచించింది.

"మరి మీరెప్పుడు వెళ్తారు?"

"నువ్వెళ్ళేక వెళ్తాను. అబద్ధం చెప్పను. కానీ నువ్వెళ్ళేటప్పుడు నేనిక్కడే ఉంటాను. గేటు దగ్గరే. నువ్వు వెనక్కి తిరిగి చూసుకోవచ్చు."

వెళ్ళనని చెప్పలేదు. త్వరగా వచ్చేస్తాననీ చెప్పలేదు. బొమ్మ తెస్తాననీ చెప్పలేదు. పిల్ల లేచి పీచు దులుపుకుంది.

సంగతి తెలిసి అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "మగాడు చెంబు పట్టుకుని ఎదురు రావడవేంటిరా! ఎక్కడన్నా ఉందా?"

"ఉందమ్మా. నీ కోడలి పుస్తకాల్లో ఉంది."

మా ఆయన నా పుస్తకాలను సాక్ష్యానికి పిలిచింది అదే మొదలు. అందులో అలాంటిదేమీ లేదు. నేను కాదనలేదు.

ఆయన పంపు దగ్గర చెంబు నింపుకుని, వీధిలోకి వెళ్ళి, గేటులోంచి రెండు చేతులతో పట్టుకుని నడిచొచ్చారు. ముఖం చాలా గంభీరంగా పెట్టారు. కారులోంచి తీసిన బ్యాగు తగిలించుకుని అమ్మాయి కుడికాలు ముందు పెట్టి మెట్లు దిగింది. మధ్యలో ఎదురయ్యారు. ఇద్దరూ నవ్వలేదు. అమ్మాయి ఆయన పక్కనుంచి వెళ్ళి, ఏడుస్తున్న ఎదురింటి పిల్లను స్తంభం దగ్గర చెయ్యి పట్టి లాగి, తనతోపాటు వ్యాను ఎక్కించింది. ఆ పిల్ల నోట్లో అప్పటికే జీడి ఉంది.

మా అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని వెనక్కి చూసింది. నాన్న గేటు దగ్గరే ఉన్నారు, చెంబుతో. వ్యాను కాలువ వంతెన దాటి మలుపు తిరిగేదాకా ఉన్నారు. తరవాత ఆ చెంబులో నీళ్ళు గబగబా ముఖాన కొట్టుకున్నారు.

"ఎండ," అన్నారు.

ఎనిమిది గంటల ఎండ.

ఒకసారి చెడిన ప్రయాణం కాబట్టి, అత్తగారు ఆయన చేత కాళ్ళు కడిగించి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, వర్జ్యం రాకముందే మళ్ళీ బయల్దేరదీశారు. నన్ను ఎదురు రమ్మందామంటే నేను అప్పటికే కారులో ఉన్నాను. సందు మొదట్లో కాయలతో నిండిన ట్రాక్టరు ఒకటి ఎదురొచ్చి, మా డ్రైవరు కారు వెనక్కి తీయాల్సి వచ్చింది. గేటులోంచి అత్తగారి గొంతు సంతోషంతో ఊగిపోయింది.

"ఒక్క కొబ్బరికాయ ఎదురొస్తేనే శుభం! ఏకంగా ట్రాక్టరుడు! వెళ్ళిరా నాయనా!"

విమానాశ్రయంలో నేను, ఎదురుగా నిలబడి, వెళ్ళొస్తానని చెప్పించి, చెప్పి, అక్కడితో ఆపలేదు. అద్దాల తలుపు అవతల ఆయన వీపు కనబడినంతసేపూ నిలబడ్డాను. కనబడకుండా పోయాకా నిలబడ్డాను. దారికి అడ్డం తప్పుకోమని యూనిఫారం వేసుకున్నాయన రెండుసార్లు చెప్పాడు. ఎదురింటి వదినగారు అక్కడ లేకపోవడం నా అదృష్టం.

మూడు దాటాక ఇంటికొచ్చాను. గోడమీద అట్ట అలాగే ఉంది. అంటించిన తెల్లకాగితం ఒకటి గోటితో లేపి చూశాను. కింద రంగు చెక్కుచెదరలేదు. మళ్ళీ అంటించేశాను.

నాలుగున్నరకు వ్యాను వచ్చింది. అమ్మాయి బ్యాగు వసారాలో పడేసి, ముందు పెరట్లోకి, తరవాత గదిలోకి వెళ్ళి చూసి, నా దగ్గరికొచ్చింది.

"వెళ్ళేరా?"

"వెళ్ళేరమ్మా."

"ఎవరెదురొచ్చేరు?"

ఇలాంటి చోట ఏం చెప్పాలో ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి జరిగింది చెప్పాను. "ఎవరూ రాలేదు. కొబ్బరికాయల ట్రాక్టరొకటి వచ్చింది."

"ట్రాక్టరా!"

ఆ ముఖం నేను మరిచిపోలేను. ముందు తెల్లబోయింది. తరవాత ఏదో బరువు దిగినట్టు భుజాలు కిందికి వచ్చాయి. ఆ వెంటనే చిన్నబోయింది. రెండేళ్ళుగా తాను మోసిన పనిని ఒక ట్రాక్టరు చేసేసింది.

"అయితే నేను రాకపోయినా వెళ్ళిపోయేవారా?"

"వెళ్ళేవారే. నువ్వొచ్చినా వెళ్తారు, రాకపోయినా వెళ్తారు. అక్కడ పనుంది కదా. నీవల్ల కాదమ్మా."

జడ రిబ్బను విప్పుకుంటూ అడిగింది.

"మరి అప్పుడే చెప్పలేదేం?"

కంచంలో పనస తొనలు పెట్టి ముందుకు జరిపాను. అది లంచమని నాకు తెలుసు. తీసుకుంది.

"కిటికీ పక్క బెంచీ దొరికింది," అంది నోటినిండా తొనతో.

మర్నాడు పొద్దున వ్యాను హారన్ వినగానే బ్యాగు తగిలించుకుని గుమ్మంలో ఆగింది.

"ఇవాళ నాకెవరెదురొస్తారు?"

"రోజూ అక్కర్లేదమ్మా. ఊరికి వెళ్ళేటప్పుడే..."

"వెళ్తన్నానుగా."

అత్తగారు నావైపు చూశారు. ఆ చూపులో చాలా ఏళ్ళ బాకీ తీరుతున్న తృప్తి ఉంది. శకునాల మీద నమ్మకం లేనిదాన్ని, చెంబు నింపుకుని, వీధిలోకి వెళ్ళి, గేటులోంచి ఎదురు నడిచాను. అమ్మాయి పక్కనుంచి దాటుతూ, "తొణక్కుండా," అని హెచ్చరించింది. వ్యానులోంచి వెనక్కి చూసింది. నేను మలుపు దాకా నిలబడ్డాను, వాళ్ళ నాన్న నిలబడ్డ చోటే.

మూడో రోజు ఎదురింటి వదినగారు ఉండబట్టలేక వచ్చారు.

"ఇదేటండీ కొత్తగా? ఏ పుస్తకంలో ఉందండీ?"

ఏ పుస్తకంలోనూ లేదని చెప్పడానికి నోరు తెరిచాను. "గ్రంథాలయంలో చూసేనండి," అని వచ్చింది. ఒకసారి మా ఆయన పుస్తకాల పేరు చెప్పి గట్టెక్కారు, రెండోసారి నేను.

"అలా చెప్పండి! ఊరికే మీరు చెయ్యరు కదా."

వారం తిరిగేసరికి మా వీధిలో నలుగురు తల్లులు పొద్దున్నే నిండు చెంబులతో గేట్ల ముందు నిలబడుతున్నారు. ఎదురింటి పిల్ల స్తంభం పట్టుకోవడం మానేసింది. స్తంభం దగ్గరుంటే వాళ్ళ అమ్మ నడిచొచ్చేది సరిగ్గా కనబడదట. జీడి మాత్రం మానలేదు. వ్యాను డ్రైవరు ఒకరోజు తల బయటపెట్టి దణ్ణం పెట్టాడు.

"అమ్మగార్లూ, నా వ్యానుకి ఇన్ని శకునాలక్కర్లేదండి. బ్రేకులు బాగానే ఉన్నాయండి. కొంచెం దారివ్వండి బాబూ!"

ఆదివారం కువైట్ నుంచి వీడియో కాల్ వచ్చింది. అమ్మాయి ఫోను ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుని, టీచరు సంగతి, బెంచీ సంగతి, ట్రాక్టరు సంగతి అన్నీ చెప్పింది. చివర్లో ఆయన అడిగారు.

"రోజూ అమ్మేనా ఎదురొచ్చేది?"

"ఆయ్."

"బాగా వస్తోందా?"

అమ్మాయి నావైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"పర్లేదు నాన్నగారూ. మీ అంత బాగా రాదు. సగం నీళ్ళు ఒలకబోస్తంది."